మత్తు చార్టు చదవడం

ఆపరేషన్ థియేటర్‌లో మత్తు డాక్టరు నింపే కాగితం చూపుకు ఏమంత గొప్పగా ఉండదు. గళ్ల కాగితం. అడ్డంగా కాలం, గడికి అయిదు నిమిషాలు. నిలువుగా అంకెలు. పై బీపీకి కిందికి దిగే మొన, కింది బీపీకి పైకి లేచే మొన, నాడికి చుక్క. అంచుల్లో కోడిగెలికిన రాతలో మందుల పేర్లు, పక్కన మిల్లీగ్రాములు. ఆపరేషన్ ముగిశాక కేస్‌షీట్‌లో కలిపి పెడతారు. మర్నాటికి దాని మొహం చూసేవాడుండడు.

నాకు మాత్రం ఆ కాగితం చేతికొస్తే వదలబుద్ధి కాదు. అందులోనూ బీపీ ఉన్న మనిషి చార్టయితే పద్యం చదివినట్టే చదువుతాను, వెనక్కి వెళ్లి మళ్లీ చదువుతాను. ఆరోగ్యంగా ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడి చార్టులో ఆ రుచి దొరకదు. మత్తిచ్చినవాడు కాస్త అటూ ఇటూ అయినా కుర్రాడి దేహమే సర్దుకుంటుంది, గీత మీద మచ్చ పడదు. ఏళ్ల తరబడి బీపీతో కాపురం చేసిన దేహం అలా సర్దుకోదు. మందు పది సెకన్లు తొందరపడినా, ట్యూబు వేసే చేయి పది సెకన్లు ఆలస్యమైనా గీత వెంటనే చెప్పేస్తుంది. చేసినవాడి చేయి ఎంతటిదో తెలిసేది ఇక్కడే.

మన ఆలంకారికుల్లో పదకొండో శతాబ్దపు కాశ్మీర పండితుడు క్షేమేంద్రుడు ఈ చార్టుకు సరిపోయే విమర్శకుడు. రసం, ధ్వని, వక్రోక్తి అని పెద్దలు వాదించుకుంటున్న చోట ఆయన ఔచిత్యం అన్నాడు. పదంలో ఔచిత్యం, వాక్యంలో ఔచిత్యం, దేశంలో, కాలంలో, చివరికి ఉపసర్గలో, నిపాతంలో కూడా ఔచిత్యం. ఏది ఎక్కడ, ఎంత, ఎప్పుడు. ఔచిత్యవిచారచర్చను మత్తు డాక్టర్ల చేత చదివించాలని ఒక కొంటె కోరిక నాకుంది. వాళ్లు పొద్దస్తమానం చేసేది అదే పని.

ఒక అవ్వను ఊహించుకుందాం. హాలహర్వి వైపు మనిషి. అరవై దాటాయి. పిత్తాశయంలో రాళ్లు. ఆ సీమ నుంచి పెద్ద ఆపరేషన్‌కు పోవాలంటే ఒక దారి ఆదోని మీదుగా కర్నూలుకు, 1956లో మొదలైన మెడికల్ కాలేజీ ఉన్న పెద్దాసుపత్రికి. ఇంకో దారి సరిహద్దు దాటి బళ్లారికి, 1961 నాటి మెడికల్ కాలేజీకి, విమ్స్‌గా పేరుపడినదానికి. కర్నూలైతే డాక్టరు ‘అవ్వా’ అంటాడు, బళ్లారైతే ‘అజ్జీ’ అంటాడు. ఆమె రెంటికీ పలుకుతుంది. బీపీ బయటపడి చాలా ఏళ్లయింది. పీహెచ్‌సీలో ఇచ్చే మాత్రలు ఉన్నప్పుడు మింగుతుంది. పిల్లలతో సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయిన నెలల్లో మింగదు. పచ్చడీ, ఉప్పేసిన మిరపకాయ బజ్జీ, ఉగ్గానీ మానదు. మానమని నేనూ చెప్పలేను, ఆదోని ఉగ్గాని అలాంటిది.

ఆపరేషన్ పొద్దున సంభాషణ ఇలా ఉంటుంది.

‘‘అవ్వా, ఈ పొద్దు బీపీ మాత్ర ఏసుకున్యావా?’’

‘‘యాడ నాయనా! రాత్రి నుంచీ నీళ్లు గూడా ముట్టొద్దన్యారు గదా. మాత్ర ఎట్ల మింగేది?’’

ఉత్త కడుపుతో ఉండమంటే మాత్ర కూడా మానడం. మన ఊళ్లన్నింట్లో జరిగేదే ఇది. చార్టులో మొదటి అక్షరదోషం థియేటర్‌లోకి రాకముందే పడిపోయింది. ఎటినొలాల్ లాంటి బీటా బ్లాకరు ఉన్నట్టుండి మానేస్తే గుండె పరుగందుకుంటుంది. క్లోనిడిన్ మానేస్తే బీపీ ఎగదన్నుతుంది. గుక్కెడు నీళ్లతో ఆ పొద్దున కూడా వేసుకోవలసినవి అవి. ఆమ్లోడిపిన్ కూడా వేసుకోవచ్చు. టెల్మిసార్టన్, ఎనలాప్రిల్ కుటుంబం సంగతి వేరు. అవి ఒంట్లో ఉండగా మత్తిస్తే బీపీ జారిపోయి, ఒక్కోసారి మామూలు మందుకు లేవనని మొండికేస్తుంది. అందుకని ముందురోజే ఆపమనేవాళ్లు చాలామంది, ఆపక్కర్లేదనేవాళ్లూ ఉన్నారు. ఒకే జబ్బుకు వాడే రెండు మాత్రల్లో ఒకటి వేసుకోవాలి, ఒకటి మానాలి. క్షేమేంద్రుడు వింటే సంబరపడేవాడు.

థియేటర్ బల్ల మీద అవ్వ బీపీ 188/104. కొత్తవాడు గుండెలు బాదుకుంటాడు. తెలిసినవాడు వార్డు చార్టు తిరగేస్తాడు. మూడు రోజులుగా 158/90, 162/92, 160/90. ఇదీ ఆమె అసలు అంకె. బల్ల మీద కనిపిస్తున్నది భయం. చల్లటి గది, మొహాలకు మాస్కులు, నెత్తిన దీపాలు. ఒక మిల్లీగ్రాము మిడజొలాం ఇచ్చి, ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, ఈ ఏడు వానలెట్లా అని నాలుగు మాటలు కదిపితే 168కి దిగుతుంది. ఆ నాలుగు మాటలు చార్టులో ఎక్కడా రాయరు. రాయడానికి గడి లేదు. బ్రిటన్‌లో మత్తు డాక్టర్ల సంఘం, రక్తపోటు సంఘం కలిసి 2016లో ఇచ్చిన సూచన ఈ వివేకాన్నే నియమంగా మార్చింది. ఊళ్లో డాక్టరు దగ్గర ఏడాది లోపు 160/100 కంటే తక్కువ నమోదై ఉంటే చాలు, ఆపరేషన్‌కు పోవచ్చు. ఆ వివరం లేకపోతే ఆసుపత్రి పరీక్షలో 180/110 దాటకుండా ఉంటే పోవచ్చు. భయంతో పెరిగిన అంకెను చూసి మనిషిని వెనక్కి పంపొద్దని దాని సారం.

ఇక్కడ అంకెల్లో ఒక సొగసుంది. కింది బీపీకి, పైకీ కిందికీ ఉన్న తేడాలో మూడో వంతు కలిపితే సగటు పోటు వస్తుంది. అవ్వది 160/90 కనుక సగటు 113. మత్తులో 100/60కి వచ్చిందనుకోండి, సగటు 73. పుస్తకం ప్రకారం ముచ్చటైన అంకె, పెళ్లికాని పిల్లకైతే దిష్టి తీయాలి. అవ్వ లెక్కలో మాత్రం తనదానికంటే ముప్పై అయిదు శాతం తక్కువ. సొంత అంకెకు ఇరవై శాతం అటూ ఇటూగా ఉంచాలని మత్తు డాక్టర్ల పాత పాఠం. అంటే ఆమెకు సగటు తొంభైకి తగ్గకూడదు. అందరికీ ఒకే అందం ఉండదు. ఈ దేహానికి అందం తొంభైకి పైనే.

ఎందుకో పడమటి కర్నూలు రైతుకు వేరే చెప్పక్కర్లేదు. తుంగభద్ర దిగువ కాలువ, ఇక్కడి మాటలో ఎల్లెల్సీ, ఎన్ని ఊళ్లు దాటి వస్తుందో అంతగా పలచబడుతుంది. పూడిక పడిన కాలువలో చివరి ఆయకట్టుకు నీళ్లెక్కాలంటే తూము దగ్గర మట్టం ఎక్కువ ఉండాలి. మట్టం తగ్గితే ముందు ఎండేది చివరి మడి. మట్టం మరీ పెంచితే గట్టు తెగుతుంది. లస్కరు రెండు భయాల మధ్య గేటు తిప్పుతుంటాడు. బీపీతో గోడలు మందమైన రక్తనాళాలున్న మనిషిలో మెదడు, మూత్రపిండం, గుండె కండరం లోపొర, ఇవే చివరి మళ్లు. మెదడు తనకు కావలసిన రక్తాన్ని ఒక పరిధిలో తానే సర్దుకుంటుందని 1959లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు లాసెన్ గీత గీసి చూపాడు. బీపీ ముదిరినవాళ్లలో ఆ పరిధి మొత్తం పై అంకెల వైపు జరిగిపోతుందని 1973లో ఆ దేశం నుంచే స్ట్రాండ్‌గార్డ్ బృందం చూపింది. అవ్వకు 160 అలవాటైంది అంటే అర్థం అదే. ఆమె కాలువ ఆ మట్టానికే కట్టుకుంది.

ఇక అసలు ఘట్టానికి వద్దాం. రెండు గంటల చార్టులో నేను కళ్లు పెట్టి చదివేది మొదటి పది నిమిషాలనే.

ముందు ఫెంటనిల్, వంద మైక్రోగ్రాములు, తొందర లేకుండా. అది పనిలోకి దిగడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, ఆగాలి. ప్రొపొఫాల్ ఒక్కసారి తోసేయకుండా ఇరవై ఇరవై మిల్లీగ్రాములుగా, రెప్పలు వాలేదాకా. కండరాలు వదులవడానికి వెక్యురోనియం, దానికీ మూడు నిమిషాలు. ఈ మూడు నిమిషాలూ మాస్కుతో ఊపిరి పోస్తూ ఉండాలి. రోగి నిద్రలో ఉంది, ఎవరూ ఏమీ చేయడం లేదు, పొడిచేవాడు లేడు, కోసేవాడు లేడు. అప్పుడు గీత దిగడం మొదలవుతుంది. 168. 140. 118. 108. లోయ.

లోయ తర్వాత శిఖరం. ల్యారింగోస్కోపు బ్లేడు నాలుక మొదలును ఎత్తుతుంది. గొంతులో ఆ చోటును మనిషి దేహం ప్రాణద్వారంలా కాపలా కాస్తుంది. తొమ్మిదో, పదో కపాల నాడుల గుండా వార్త మెదడు కాండానికి పోతుంది, అక్కడి నుంచి సింపథెటిక్ నాడులకు, అడ్రినల్ గ్రంథులకు. నిద్రలో ఉన్న మనిషికి ఏ నొప్పీ తెలియదు, దేహం మాత్రం ఎవరో పీక పట్టుకున్నారన్నట్టు తిరగబడుతుంది. అర నిమిషంలో బీపీ, నాడి రెండూ ఎగబాకుతాయి. ఈ ఎగబాకుడును 1940లో రీడ్, బ్రేస్ అనే ఇద్దరు మొదట పట్టుకున్నారు. బీపీ మనుషుల్లో దాని అసలు రూపాన్ని చూపినవాడు ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన సెడ్రిక్ ప్రిస్-రాబర్ట్స్. 1971లో ఆయన బృందం అచ్చువేసిన పరిశోధన ఆ రోజుల్లో చాలామంది నమ్మకాన్ని తిరగేసింది. అప్పటిదాకా మత్తుకు ముందు బీపీ మందులు మానిపించడం మంచిదనుకునేవారు. ప్రిస్-రాబర్ట్స్ చూపించింది ఇది: వైద్యం లేని బీపీ మనిషిలో లోయ మరీ లోతు, శిఖరం మరీ ఎత్తు. మందులు వాడుతున్నవాళ్లలో రెండూ తగ్గుతాయి. ఒకే జబ్బుకు రెండు వికారాలు, పక్కపక్కనే.

ఈ ఘట్టంలో రసజ్ఞుడి గుండె ఝల్లుమనే చోటు ఒకటుంది. గీత 108కి దిగింది. బల్ల పక్కన మెఫెంటర్మిన్ సిరంజీ సిద్ధంగా ఉంది, మూడు మిల్లీగ్రాములు తోస్తే బీపీ లేస్తుంది. కొత్త చేయి తోసేస్తుంది. అది రక్తంలో కలిసి పనిలో పడే సమయానికే ట్యూబు దిగుతుంది, మందు లేపిన అలా ట్యూబు లేపిన అలా కలిసి 230. గుండె కండరం అల్లాడిపోతుంది. ఎక్కడో మెదడులో బలహీనమైన నాళం ఉంటే అంతే సంగతులు. పండిన చేయి సిరంజీ మీద బొటనవేలు పెట్టి ఆగుతుంది. గడియారం చూస్తుంది. ఇంకో నలభై సెకన్లలో ట్యూబు వేస్తాను, ట్యూబే పోటు పెంచుతుంది, అంతదాకా ఈ లోయను ఓర్చుకోవచ్చా? 108 అయితే ఓర్చుకోవచ్చు. 80 అయితే కుదరదు, కొంచెం ఇవ్వాలి, ఇచ్చి నిదానించాలి. చార్టులో ఆ నిర్ణయానికి గుర్తు ఉండదు. మెఫెంటర్మిన్ గడి ఖాళీగా ఉంటుంది, అంతే. ఆ ఖాళీ గడిని చూసి ఆహా అనుకున్న సందర్భాలు నాకున్నాయి.

ట్యూబుకు తొంభై సెకన్ల ముందు లిగ్నొకెయిన్, కిలోకు ఒకటిన్నర మిల్లీగ్రాము. ఆ వెనకే ఎస్మొలాల్, పాతిక మిల్లీగ్రాములు. బ్లేడు నోట్లో ఉండేది పదిహేను సెకన్ల లోపు. అన్ని మందుల్లోకీ గొప్ప మందు ఆ పదిహేను సెకన్లే అని నా అభిప్రాయం. మందులు ఎన్ని పోసినా చేయి తడబడితే శిఖరం లేచి తీరుతుంది. చేయి తిన్నగా ఉంటే సగం మందులు అలంకారప్రాయాలే.

ఎస్మొలాల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. భరతుడు రసాన్ని కట్టేటప్పుడు స్థాయి భావాలను, ముప్పై మూడు వ్యభిచారి (సంచారి) భావాలను వేరు చేశాడు. స్థాయి నిలబడుతుంది, వ్యభిచారి వచ్చి తన పని చేసి పోతుంది. ఆపరేషన్ పొడుగునా మెల్లగా పీల్చే సెవోఫ్లూరేన్ స్థాయి అయితే ఎస్మొలాల్ అచ్చమైన సంచారి. దాని అర్ధాయువు తొమ్మిది నిమిషాలు. కాలేయం కోసం ఎదురుచూడదు, ఎర్రకణాల్లోని ఎంజైమే దాన్ని విరిచేస్తుంది. శిఖరం కోసం వస్తుంది, శిఖరంతో పోతుంది. లెబెటలాల్ అలా కాదు, గంటల తరబడి కూర్చుంటుంది. ట్యూబు వేసే క్షణానికి లెబెటలాల్ పెద్ద మోతాదు ఇస్తే, ఆ సన్నివేశం అయిపోయినా పాత్ర రంగం దిగదు. తర్వాత గీత కిందికి జారుతుంటే సూత్రధారి తల పట్టుకుంటాడు. డెక్స్‌మెడెటొమిడిన్ ఇంకో జాతి. పది నిమిషాలు నిదానంగా ఎక్కించాలి, శిఖరాన్ని కత్తిరిస్తుంది, నాడిని మరీ నెమ్మది చేసి ఒక్కోసారి భయపెడుతుంది.

నిద్రపోతున్న దేహం అడ్రినలిన్‌తో తిరగబడడం అన్నప్పుడు నాకు హైదరాబాదు గుర్తుకొస్తుంది. ఇప్పుడంటే బీపీ గీత అందరూ గీస్తారు. 1888లో, 1889లో రెండుసార్లు హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చాడు. రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూలు అధిపతి ఎడ్వర్డ్ లారీ ముందు నిలిచాడు. రెండో కమిషన్ కోసం లండన్ నుంచి లాడర్ బ్రంటన్ దిగాడు. తిరిగే డోలుకు కాగితం చుట్టి, జంతువు ధమనిలోని పోటును సూదితో దాని మీదికి గీయించే యంత్రం పెట్టారు. క్లోరోఫాం మత్తులో రక్తపోటు ఎలా పడుతుందో కుక్కల మీద, కోతుల మీద వందల ప్రయోగాల్లో గీయించారు. అమెరికాలో కాడ్‌మన్, కుషింగ్ అనే ఇద్దరు వైద్య విద్యార్థులు ఈథర్ మత్తులో నాడి లెక్కలు రాసే చార్టులు మొదలుపెట్టింది 1894లో. బీపీ కొలిచే పట్టీని కుషింగ్ ఇటలీలోని పావియాలో చూసి వెంట తీసుకెళ్లింది 1901లో. మత్తులో రక్తపోటు గీత మీద అంతకుముందే మూసీ ఒడ్డున తగువు నడిచింది. ఆ మెడికల్ స్కూలు నుంచే రూపాబాయి ఫర్దూన్జీ వచ్చింది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరు పొందిన ఆమె 1889 నుంచి 1917 దాకా హైదరాబాదులో క్లోరోఫాం ఇచ్చింది.

కమిషన్ గీతలు చక్కగా వచ్చాయి, చదవడమే తప్పింది. పోటు పడిపోవడం దానంతట అది ప్రమాదం కాదని, క్లోరోఫాం ముందు ఊపిరినే ఆపుతుందని, ఊపిరి చూసుకుంటే గుండె గురించి బెంగ అక్కర్లేదని కమిషన్ తేల్చేసింది. 1848లో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోబోయి, భయపడుతూ క్లోరోఫాం పీల్చి నిమిషాల్లో పోయిన కథ వాళ్లకు తెలియనిది కాదు. 1911లో గుడ్‌మన్ లీవీ తీగ దొరకబుచ్చుకున్నాడు. క్లోరోఫాం మత్తు పలచగా ఉన్నప్పుడు అడ్రినలిన్ ఎగదన్నితే గుండె కంపించి ఆగిపోతుంది. మత్తు లోతుగా ఉన్నప్పుడు కాదు, పలచగా ఉన్నప్పుడు. ఇవాళ అవ్వ గొంతులో బ్లేడు పెట్టేముందు ‘తగినంత లోతుకు వెళ్లిందా’ అని ప్రతి మత్తు డాక్టరూ తనకు తాను వేసుకునే ప్రశ్న వెనక ఆ పిల్లా ఉంది, ఆ కుక్కలూ ఉన్నాయి. లారీని నేను తక్కువ చేయను. తప్పు చదివినా, చదవవలసిన పాఠం ఇదేనని గుర్తించిన తొలివాళ్లలో ఆయన ఒకడు.

నాడి చుక్కల సంగతి. చాలామంది బీపీ మొనలనే చూసి చుక్కలను వదిలేస్తారు, నాకు అదొక అన్యాయంలా తోస్తుంది. ఎడమ జఠరిక కండరానికి రక్తం అందేది ఎక్కువగా అది ముడుచుకున్నప్పుడు కాదు, సడలినప్పుడు. ముడుచుకున్నప్పుడు తన నాళాలను తానే నొక్కేసుకుంటుంది. నిమిషానికి అరవై కొట్టే గుండెకు ఒక్కో స్పందనకు ఒక సెకను. అందులో మూడింట రెండు వంతులు సడలింపు. నూట ఇరవై కొడితే అర సెకను. ముడుచుకునే వ్యవధి పెద్దగా తగ్గదు, కోత పడేది సడలింపుకే. అవ్వ గుండె ఏళ్ల తరబడి ఎక్కువ పోటుకు ఎదురు నెట్టి నెట్టి మందమైంది. దానికి ఆకలెక్కువ, భోజనానికి సమయం తక్కువ. అందుకని మంచి చార్టులో చుక్కలు అరవైకీ ఎనభైకీ మధ్య ఒకే వరుసలో, మొనలకు దూరంగా నడుస్తాయి. చుక్క పైకి పాకి, పై మొన కిందికి దిగి, రెండూ ఒకదాన్నొకటి దాటిన చార్టు చూస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

నాడి నెమ్మదించడం మంచిదే కదా అని అందరికీ ఆ పొద్దునే బీటా బ్లాకరు పోస్తే? అదీ చేసి చూశారు. 2008లో అచ్చయిన పాయిస్ అనే అధ్యయనంలో 23 దేశాల నుంచి 8,351 మందిని తీసుకుని సగం మందికి ఆపరేషన్ రోజునుంచి మెటొప్రొలాల్ ఇచ్చారు. గుండెపోట్లు తగ్గాయి. చావులు పెరిగాయి, పక్షవాతాలు పెరిగాయి. మందు మంచిదే, ఉద్దేశమూ మంచిదే. మోతాదు అందరికీ ఒకటి, మొదలుపెట్టిన వేళ ఆ పొద్దు. ఎప్పటి నుంచో వాడుతున్న మనిషికి ఆ మందు మాన్పించకూడదు, ఎన్నడూ వాడని పక్క మంచం ఆమెకు అదే మందు ఆ పొద్దున పెద్ద మోతాదులో మొదలుపెట్టకూడదు. కాలౌచిత్యానికి ఇంతకంటే ఖరీదైన ఉదాహరణ నాకు తెలియదు.

మధ్యభాగం త్వరగా దాటొచ్చు. లాపరోస్కోపీకి పొట్టలోకి కార్బన్ డయాక్సైడు పన్నెండు పధ్నాలుగు మిల్లీమీటర్ల ఒత్తిడితో నింపుతారు, గీత ఒక మెట్టెక్కుతుంది. ఒక్కోసారి పొట్ట సాగిన క్షణంలోనే నాడి నలభైకి పడుతుంది, గాలి తీసేయమని సర్జన్‌కు చెప్పి అట్రోపిన్ ఇస్తారు. తల వైపు ఎత్తుతారు, గీత ఒక మెట్టు దిగుతుంది. చిన్న ఆసుపత్రుల్లో ఇదే అవ్వకు కాలి ఎముక విరిగితే వెన్నులో బుపివకెయిన్ ఇస్తారు. అక్కడ శిఖరం లేదు, ట్యూబు లేదు కనుక. లోయ మాత్రం ఉంది, ఒక్కోసారి నిట్టనిలువునా.

చిన్న ఆసుపత్రి అన్నాను కనుక ఒక మాట. పెద్ద ఊళ్లలో మణికట్టు ధమనిలో సన్నటి గొట్టం పెట్టి స్పందన స్పందనకూ పోటును తెర మీద చూస్తారు. ఎర్రటి అల లేస్తుంది, మధ్యలో చిన్న గంటు పడుతుంది, బృహద్ధమని కవాటం మూసుకున్న గుర్తు అది. అల వాలు చూసి, గంటు ఎక్కడుందో చూసి, నాళాలు బిగిశాయో సడలాయో మంచి కన్ను అంచనా వేస్తుంది. అందమైన దృశ్యం, కాదనను. తాలూకా ఆసుపత్రిలో ఆ గొట్టం ఉండదు. చేతి పట్టీ మూడు నిమిషాలకోసారి బుస్సుమని ఉబ్బి అంకె చెబుతుంది. అది చెప్పేది ఎప్పుడూ జరిగిపోయిన కథే, ఇండక్షన్ వేళ, అంటే మత్తు ఎక్కించే వేళ, మూడు నిమిషాల్లో రాజ్యాలు కూలిపోతాయి. అందుకని పాతకాపు మత్తు డాక్టరు పట్టీ లేని చేతి మణికట్టు మీద రెండు వేళ్లు వేసి ఉంచుతాడు. నాడి నిండుగా ఉందా, దారంలా సన్నబడుతోందా. తెర అంకె మార్చకముందే ఆ వేళ్లకు తెలుస్తుంది. నా ఓటు ఆ రెండు వేళ్లకు.

కొత్తవాళ్లు నాటకం అయిపోయిందనుకునే చోట ఇంకో శిఖరం పొంచి ఉంటుంది. కుట్లు పడ్డాయి, మత్తు వాయువు ఆపారు, సర్జన్ గ్లవ్స్ విప్పుతున్నాడు. ట్యూబు తీయాలి. మెలకువ వస్తున్న అవ్వ ట్యూబు మీద దగ్గుతుంది, నొప్పి తెలుస్తుంది, చలికి వణుకుతుంది. గీత మళ్లీ 200 వైపు చూస్తుంది. ట్యూబు వేసేటప్పుడు చుట్టూ అందరూ ఉంటారు, తీసేటప్పుడు సగం మంది వెళ్లిపోయి ఉంటారు. నొప్పి మందు పావుగంట ముందే ఇచ్చినవాడు, రోగిని వెచ్చగా ఉంచినవాడు, లిగ్నొకెయిన్ మరో మోతాదో, పది మిల్లీగ్రాముల ఎస్మొలాలో చేతిలో పెట్టుకున్నవాడు ఇక్కడ బయటపడతాడు. ఒక చార్టును తూకం వేయాలంటే నేను మొదటి పది నిమిషాలు చదివి, వెంటనే చివరి పది నిమిషాలకు దూకుతాను.

అయితే మరీ తిన్నటి గీతను నమ్మొద్దు. రెండు గంటల పాటు 130/80, 130/80, 130/80 అని గీత గీసినట్టున్న చార్టు ఒక బీపీ మనిషిదని చెబితే నేను నవ్వుకుంటాను. చేత్తో రాసిన చార్టులకూ, అదే ఆపరేషన్‌లో యంత్రం తనంతట తాను నమోదు చేసిన అంకెలకూ పోల్చి చూసినప్పుడు చేతిరాత శిఖరాలను కొంచెం దించి, లోయలను కొంచెం పూడ్చి రాస్తుందని తేలింది. అబద్ధమనే ఉద్దేశం ఉండకపోవచ్చు. సంక్షోభంలో చేతులు రోగి మీద ఉంటాయి, రాసేది తర్వాత, జ్ఞాపకం ఎప్పుడూ కాస్త దయగా రాస్తుంది. అవ్వ అసలు చార్టులోంచి కొన్ని అంకెలు ఇలా ఉంటాయి: 188, 168, 108, 176, 150, 138, 152, 144, 140, 146, 172, 158. ఊపిరి పీల్చుకుంటున్న చార్టు అది. చేసినవాడు ఆ 108నీ, ఆ 176నీ దాచకుండా రాశాడు. అతని మీద నాకు గౌరవం అక్కడ మొదలవుతుంది.

ఇలాంటి నిజమైన అంకెలు కుప్పపోస్తే ఏమవుతుందో అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వాళ్లు చూపించారు. 33,330 ఆపరేషన్ల రికార్డులు చదివి 2013లో చెప్పారు: సగటు పోటు 55 కంటే కింద కొద్ది నిమిషాలున్నా మూత్రపిండానికీ, గుండె కండరానికీ దెబ్బ తగిలిన కేసులు పెరిగాయి. కంప్యూటరు కూర్చుని చదివింది కనుక ఆ సంగతి బయటికొచ్చింది. మన రికార్డు రూముల్లో కట్టలు కట్టి ఉన్న చార్టులను చదివే ఓపిక ఇంకా ఎవరికీ రాలేదు.

నా అసలు కోపం డిశ్చార్జి కాగితం మీద. అవ్వ నాలుగో రోజు ఇంటికి పోతుంది, చేతికో కాగితం ఇస్తారు. సర్జన్ చేసిన పనికి ఏడు వరుసలు. మత్తు సంగతి ఒకే వరుస: ‘జనరల్ అనస్థీషియా, అన్ఈవెంట్‌ఫుల్’. రెండు గంటల్లో రెండు శిఖరాలు, ఒక లోయ, తోయకుండా ఆపిన ఒక సిరంజీ, అన్నీ కలిసి ఏమీ జరగలేదని తేలాయి. రెండేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో, ఇంకో డాక్టరు ముందు అవ్వ పడుకుంటే ఆ కాగితం అతనికి ఏమీ చెప్పదు. అందులో ఈ నాలుగు ముక్కలుంటే చాలు: ‘ఆపరేషన్ పొద్దున మాత్ర వేసుకోలేదు. వార్డులో బీపీ 160/90. ఇండక్షన్‌లో 108కి దిగింది, మెఫెంటర్మిన్ అవసరం పడలేదు. ట్యూబు వేసినప్పుడు 176, తీసినప్పుడు 172, ఎస్మొలాల్ రెండుసార్లు.’